కాయ పండేదాకా

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మన పెద్దలు అన్నారు. నిదానమే ప్రధానమని అన్నదీ వారే. ఈ రెండింటిలో ఏ మాట ఎప్పుడు చెల్లుతుందో మాత్రం విడమరచి చెప్పి పోలేదు. ఇంట్లో పిల్లవాడు చురుకైనవాడైతే మొదటి సామెత చెప్పుకుని మురుస్తాం. మందకొడి అయితే రెండవది చెప్పుకుని సరిపెట్టుకుంటాం. ఈ రెండు సామెతలనూ త్రాసులో చెరొక వైపు పెట్టి తూచి చూసే అవకాశం నాలుగైదేళ్ళుగా మాకు కలిగింది. కలిగించినది వేదాంత గ్రంథమేమీ కాదు, అమెరికావారి ఒక ఆట. నిజానికి ఆట కూడా కాదు, ఆటమీద ఆడే ఆట.

మేమంటే ఎవరో ముందుగా చెప్పుకోవాలి. బెంగుళూరు మల్లేశ్వరంలో కాపురముంటున్న ముసలి దంపతులం. తాతలనాడు చిత్తూరు సీమనుంచి కోలారు బంగారు గనులలో పనికి వచ్చిన కుటుంబాలు మావి. మాలో ఒకరు తపాలా శాఖలోను, మరొకరు ఒక ఫ్యాక్టరీ లెక్కల విభాగంలోను పనిచేసి విశ్రాంతి తీసుకున్నాం. పెద్దబ్బాయి సంసారం టెక్సాసులో, డల్లాసు పక్కన. చిన్నబ్బాయి, కోడలు, పదమూడేళ్ళ మనవడు మాతోనే వున్నారు. అమెరికాలో మా పిల్లలూ, మా అక్కచెల్లెళ్ళ అన్నదమ్ముల పిల్లలూ కలిసి పన్నెండు జట్ల పోటీ ఒకటి నడుపుకుంటున్నారు. 2021లో న్యూజెర్సీలో వున్న మా తమ్ముడి కొడుక్కి కవలపిల్లలు పుట్టడంతో వాడికి తీరిక లేక తన జట్టును వదిలేశాడు. పన్నెండో పీట ఖాళీగా వుండకూడదని మా పెద్దబ్బాయి ఆ జట్టును మా పేర రాయించాడు. "ఆదివారం రాత్రి మీకు ఎలాగూ నిద్ర పట్టదు గదా నాయనా" అని వాడి సమర్థన.

ఆట సంగతి తెలియనివారికోసం నాలుగు ముక్కలు. అక్కడివారు ఫుట్‌బాల్ అనేది మన ఫుట్‌బాల్ కాదు. బంతి గుండ్రంగా వుండదు, రెండువైపులా మొనదేలి వుంటుంది. కాళ్ళకంటె చేతులకే పని ఎక్కువ. ఎన్.ఎఫ్.ఎల్. అనే సంస్థలో 32 జట్లున్నవి. సెప్టెంబరులో మొదలుపెట్టి జనవరిదాకా ఒక్కొక్క జట్టు 17 ఆటలు ఆడుతుంది. క్వార్టర్‌బ్యాక్ అనేవాడు బంతి విసిరే నాయకుడు. రన్నింగ్ బ్యాక్ బంతి చంకన పెట్టుకుని పరుగెత్తేవాడు. వైడ్ రిసీవర్ దూరంగా పరుగెత్తి బంతి అందుకునేవాడు. టైట్ ఎండ్ అనేవాడికి రెండు పనులు: ఎదుటివారిని అడ్డుకోవాలి, సందు చూసి బంతినీ అందుకోవాలి.

ఫ్యాంటసీ ఫుట్‌బాల్ అంటే ఈ ఆటగాళ్ళను మనం కాగితం మీద ఏరుకుని జట్టు కట్టుకోవడం. నిజమైన మైదానంలో వారు సంపాదించిన గజాలు మనకు పాయింట్లవుతాయి. పరుగెత్తేవాడికైనా అందుకునేవాడికైనా పది గజాలకు ఒక పాయింటు, టచ్‌డౌన్‌కు ఆరు. మన చెమట చుక్క కూడా రాలదు. డబ్బు పందెం మా పోటీలో లేదు. మాలో ఒకరికి పందెమంటే గిట్టదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో మన పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది కూడాను. మా పోటీలో ఓడినవారు, కుటుంబాలు కలిసినప్పుడు అందరికీ ఒక పూట వంటచేసి పెట్టాలి. అదే శిక్ష.

ఈ సరదా కొత్తదేమీ కాదు. ఓక్లండు రైడర్స్ జట్టులో వాటాదారు అయిన విల్‌ఫ్రెడ్ వింకెన్‌బాక్ అనే వ్యాపారి, 1962లో జట్టు వెంబడి న్యూయార్కు వెళ్ళి, అక్కడ ఒక హోటల్లో ఇద్దరు మిత్రులతో కూర్చుని దీని నిబంధనలు రాశాడు. మరుసటి ఏడు ఓక్లండులో ఎనిమిది జట్లతో మొదటి పోటీ జరిగింది. ఆ పోటీలో అందరికంటె ముందు ఎంపికైనవాడు జార్జి బ్లాండా. అతడు అప్పటికే ముప్పయ్యయిదేళ్ళు దాటినవాడు. షికాగో జట్టువారు తనను బంతిని తన్నడానికి మాత్రమే వాడుకుంటామంటే, అతడు 1959లో ఆట మానుకుని ఇంట్లో కూర్చున్నాడు. 1960లో హ్యూస్టన్ జట్టులో చేరి, 1961లో 36 టచ్‌డౌన్లకు బంతి విసిరాడు. ఆ తరువాత ఓక్లండులో నలభై ఎనిమిదేళ్ళ వయసుదాకా ఆడాడు. ఈ ఆటమీది ఆటకు ఆలస్యంగా పండిన మనిషితోనే కొబ్బరికాయ కొట్టారన్నమాట.

ఏటేటా కొత్తగా జట్టు కట్టుకునే పద్ధతి ఒకటుంది. మాది అది కాదు. మాది డైనస్టీ పద్ధతి. అంటే ఒకసారి తీసుకున్న ఆటగాడు మనం వదిలేదాకానో, మార్చుకునేదాకానో మనవాడే. ఏటా వసంతంలో కాలేజీనుంచి వచ్చే కొత్త కుర్రవాళ్ళను వంతులవారీగా ఏరుకుంటాం. ఇరవై ఒకటీ ఇరవై రెండేళ్ళ పిల్లలు. వీరిలో కొందరు వచ్చీరాగానే వెలుగుతారు. కొందరు రెండేళ్ళు, మూడేళ్ళు బెంచిమీద కూర్చుంటారు. వారికోసం ఆగడమా, వదలడమా అన్నదే ఈ పద్ధతిలో అసలైన చిక్కు.

ఆగడానికి ఖర్చు లేదనుకోవద్దు. మా పోటీలో జట్టుకు 26 మందికే చోటు. పండని కాయ ఒకటి వుంచుకుంటే, ఈ ఆదివారం పాయింట్లు తేగల పెద్దవాడొకడు పక్కవాడి జట్టుకు పోతాడు. దీనికొక ఉపాయంగా ట్యాక్సీ స్క్వాడ్ అని నాలుగు అదనపు పీటలున్నవి. మొదటి రెండేళ్ళ కుర్రవాళ్ళను అందులో కూర్చోబెట్టవచ్చు. వారి పాయింట్లు లెక్కకు రావు. ఆ పేరు మాకు వింతగా తోచి అడిగితే పెద్దబ్బాయి కథ చెప్పాడు. 1940లలో క్లీవ్‌లండ్ బ్రౌన్స్ జట్టు యజమాని మిక్కీ మెక్‌బ్రైడ్‌కు ట్యాక్సీల వ్యాపారం వుండేది. జట్టులో చోటు చాలని ఆటగాళ్ళను పోనీయక, తన ట్యాక్సీ కంపెనీ జీతాల పట్టీలో రాయించి అన్నం పెట్టేవాడట. మనవైపు పెద్ద ఇళ్ళల్లో, ఉద్యోగం దొరికేదాకా మేనల్లుణ్ని కొట్టులో కూర్చోబెట్టడం వంటిదే ఇదీని.

మాకు వారసత్వంగా వచ్చిన 26 పేర్లలో జోర్డన్ లవ్ ఒకటి. గ్రీన్‌బే జట్టువారు అతన్ని 2020లో మొదటి రౌండులో, 26వ వాడుగా తీసుకున్నారు. క్వార్టర్‌బ్యాక్. కాని అక్కడ గద్దెమీద ఆరన్ రోడ్జర్స్ వున్నాడు. అతనికి 2020లోను, 2021లోను వరసగా సంస్థ మొత్తంలో ఉత్తమ ఆటగాడి బహుమానం వచ్చింది. అటువంటివాడి వెనక నిలబడ్డ కుర్రవాడికి వంతు ఎప్పుడు రావాలి? 2021 నవంబరులో రోడ్జర్స్‌కు కోవిడ్ సోకినందువల్ల లవ్ ఒక్క ఆట ఆడాడు. మనకు సోమవారం తెల్లవారుజామున మూడు గంటలవేళ అది. కాన్సాస్ సిటీ జట్టు చేతిలో 13-7గా ఓడిపోయారు. తెల్లవారేసరికి మా కుటుంబం ఫోన్లన్నీ మోగాయి. "పెద్దమ్మా, ఆ గ్రీన్‌బే కుర్రాడు ఇంక పనికిరాడు, వదిలెయ్యండి" అని ఒకరు, "పెదనాన్నా, అతన్ని నాకిచ్చి, బదులుగా రెండేళ్ళు నికరంగా ఆడే మనిషిని తీసుకోండి" అని మరొకరు. పనికిరాడంటూనే అడిగేవారిని చూస్తే, సంతలో ఎద్దు పళ్ళు లెక్కపెట్టి పెదవి విరిచే బేరగాళ్ళు గుర్తుకు వచ్చారు.

మేము ఇవ్వలేదు. దానికి కారణం ప్రేమా కాదు, మొండితనమూ కాదు. ఆ ఇంటి ఆనవాయితీ ఏమిటో విచారించాం. రోడ్జర్స్‌ను కూడా అదే గ్రీన్‌బేవారు 2005లో 24వ వాడుగా తీసుకుని, బ్రెట్ ఫావ్ర్ వెనక మూడేళ్ళు కూర్చోబెట్టారు. 2008లో పగ్గాలు చేతికిచ్చిన మొదటి ఏడు ఆరు ఆటలు గెలిచి పది ఓడారు. అయినా మార్చలేదు. 2010 సీజనుకు అతడే వారికి సూపర్ బౌల్ గెలిచి పెట్టాడు. కోడలికి తాళాలు ఇవ్వడానికి మూడేళ్ళు తీసుకునే ఇల్లది. ఇచ్చిన తరువాత వెనక్కు లాక్కునే ఇల్లు కాదు. ఈ సంగతి తెలిసి ఆగడం వేరు, ఏదో ఒకనాటికి కాకపోతుందా అని ఆగడం వేరు.

2023లో రోడ్జర్స్ న్యూయార్కు జట్టుకు వెళ్ళాడు. లవ్ చేతికి బంతి వచ్చింది. మొదటి తొమ్మిది ఆటల్లో మూడే గెలిచారు. మళ్ళీ ఫోన్లు మోగాయి. కాని సీజను ముగిసేసరికి తొమ్మిది గెలుపులు, ఎనిమిది ఓటములు. లవ్ 4,159 గజాలు, 32 టచ్‌డౌన్లు విసిరాడు. 2024 జనవరిలో అదే జట్టు డల్లాసు వెళ్ళి, అక్కడివారిని వారి మైదానంలోనే 48-32గా ఓడించింది. మా పోటీ అప్పటికే ముగిసింది కనుక ఆ ఆటవల్ల మాకు ఒక్క పాయింటూ రాలేదు. అయినా ఆ సోమవారం మా పెద్దబ్బాయి మాకు ఫోను చేయలేదు. వాడు డల్లాసు పక్షం. మేమూ చేయలేదు. కొన్ని విజయాలు నోరు మూసుకుని అనుభవించవలసినవి.

ఇంతవరకు చదివినవారు, ఓపిక పడితే అందరూ పండుతారని మేము చెప్పబోతున్నామనుకోవచ్చు. అది మా మతం కాదు. గనిలో పనిచేసినవారి మనవలం మేము. రాతిలో బంగారపు చార కనిపించినంతసేపే ఆ వైపు తవ్వాలి. చార లేనిచోట ఎంత ఓపికగా తవ్వినా వచ్చేది రాయే. మరి కుర్రవాడిలో చార ఏది?

ఇద్దరు రిసీవర్ల లెక్కలు చూడండి. 2016లో మిన్నెసోటా జట్టువారు లక్వాన్ ట్రెడ్‌వెల్ అనే కుర్రవాణ్ని మొదటి రౌండులో 23వ వాడుగా తీసుకున్నారు. ఎందరో ఫ్యాంటసీ పెద్దలు అతన్ని తలమీద పెట్టుకున్నారు. ఆ ఏడంతా కలిపి అతడు అందుకున్న బంతి ఒక్కటి, వచ్చినవి 15 గజాలు. రెండవ ఏడు 20 బంతులు, మూడవ ఏడు 35. పెరుగుతున్నట్టే కనిపిస్తుంది గాని, జట్టువారు బంతిని అతనివైపు పంపింది ఎప్పుడూ తక్కువే. అతని శ్రమలో లోపమున్నదని మేము అనం. ఎందుచేతనో వారికి అతనిమీద గురి కుదరలేదు.

ఇక రెండవవాడు డవాంటే ఆడమ్స్. 2014లో గ్రీన్‌బేకే రెండవ రౌండులో వచ్చాడు. రెండవ ఏడు, అంటే 2015లో, చీలమండ దెబ్బతో ఆడుతూ 50 బంతులు అందుకుని 483 గజాలు, ఒకే ఒక్క టచ్‌డౌన్ తెచ్చాడు. చేతికి వచ్చిన బంతులు జారవిడిచాడని జనం గోల చేశారు. పాయింట్లు మాత్రమే చూసినవారు వదిలేశారు. కాని ఆ ఏడు బంతి అతనివైపు 94 మార్లు వచ్చింది. జారవిడిచినవాడివైపే నాయకుడు మళ్ళీ మళ్ళీ బంతి విసురుతున్నాడంటే, బయటివారికి కనపడనిది ఏదో అభ్యాసాల్లో అతనికి కనపడుతున్నదన్నమాట. మరుసటి ఏడు 997 గజాలు, 12 టచ్‌డౌన్లు. 2020లో 18 టచ్‌డౌన్లు అందుకుని ఆ ఏటి రిసీవర్లందరికీ మొదటివాడైనాడు.

ఇందులో మేము నేర్చుకున్నది ఇది: పాయింటు అన్నిటికంటె చివర వచ్చేది. దానికంటె ముందు బంతి అతనివైపు రావాలి. దానికంటె ముందు అతడు మైదానంలో నిలబడాలి. దానికంటె ముందు ఒళ్ళు బాగుండాలి. కింది మెట్లు ఎక్కుతున్నవాడు పైమెట్టు ఇంకా ఎక్కలేదని వదలకూడదు. ఏ మెట్టూ ఎక్కనివాణ్ని, పేరు పెద్దదని పట్టుకు వేలాడకూడదు. తెలుగులో దీనికి చక్కని మాట వుంది: కనిపెట్టుకుని వుండడం. ఆ మాటలో ఆగడమూ వుంది, చూడడమూ వుంది. చూపు లేని ఆగడాన్ని సోమరితనం అనవచ్చును.

ఏ చెట్టుకు ఎంతకాలమో కూడా తెలిసి వుండాలి. అరటి ఏడాదికి గెల వేస్తుంది, వేసి పోతుంది. పొడుగు జాతి కొబ్బరి ఆరేడేళ్ళకు గాని కాపుకు రాదు, వస్తే తరాలు తింటాయి. రన్నింగ్ బ్యాకులు అరటి జాతి. టాడ్ గర్లీ 2015లో అడుగుపెట్టిన ఏడే ఉత్తమ కొత్త ఆటగాడి బహుమానం అందుకున్నాడు. 2020తో, ఇరవై ఆరేళ్ళకే, అతని ఆట ముగిసింది. అక్కడ మూడేళ్ళు ఆగుతామంటే గెల కాస్తా పోతుంది. టైట్ ఎండ్లు కొబ్బరి జాతి. రెండు పనులు నేర్చుకోవాలి గదా. ట్రావిస్ కెల్సీకి 2013లో మోకాలి చికిత్సవల్ల మొదటి ఏడు దాదాపు అంతా పోయింది. వెయ్యి గజాలు మొదటిసారి దాటింది 2016లో. అక్కడినుంచి 2022దాకా వరసగా ఏడేళ్ళు దాటాడు.

క్వార్టర్‌బ్యాకుల సంగతి మరీ విచిత్రం. బఫెలో జట్టు జాష్ ఆలెన్ 2018లో వచ్చినప్పుడు, విసిరిన నూరు బంతుల్లో గురికి చేరినవి యాభైమూడు లోపే. మరుసటి ఏడు యాభైతొమ్మిది లోపు. 2020లో అరవైతొమ్మిది దాటాయి. ఆ రెండేళ్ళూ అతడు ఎట్లా నిలబడ్డాడంటే, సందు దొరికితే తానే బంతి పట్టుకుని పరుగెత్తి గజాలు తెచ్చాడు. కాళ్ళు అన్నం పెడుతుండగా చేయి చదువుకున్నది. 2024 సీజనుకు అతడే ఉత్తమ ఆటగాడు. పేదింటి పెద్దకొడుకులు ఎందరో ఇట్లాగే పగలు పనిచేసి రాత్రి చదువుకుని పైకి వచ్చినవారు మన సంఘంలోనే వున్నారు.

పుట్టగానే పరిమళించే పువ్వులు లేవా అంటే, వున్నాయి. 2023లో అయిదవ రౌండుదాకా ఎవరూ తీసుకోని పూకా నకూవా ఆ ఏడే 105 బంతులు అందుకుని 1,486 గజాలు తెచ్చాడు. 2024లో బ్రాక్ బవర్స్, టైట్ ఎండ్ అయి వుండి కూడా, మొదటి ఏడే 112 బంతులు అందుకున్నాడు. వీరిని చూచినప్పుడల్లా, పక్క పీటమీద కూర్చున్నవాడు మరీ వెనకబడినట్టు కనిపిస్తాడు. అది వాడి తప్పు కాదు, మన కంటికి కలిగే భ్రమ. ఒకే బడిలో, ఒకే ఇంట్లో ఈ భ్రమ ఎంత పని చేస్తుందో తల్లిదండ్రులకు మేము చెప్పనక్కరలేదు.

మా ఇంటి సంగతీ అందుకు భిన్నం కాదు. టెక్సాసు మనవరాలు లెక్కల్లో తన వయసువారికంటె రెండు తరగతులు ముందు. ఇక్కడి మనవడు చదవడంలో నిదానం. అక్షరం చూచి, కూడబలుక్కుని, తనలో అనుకుని, అప్పుడు పైకి అంటాడు. ఆదివారాలు రెండు ఇళ్ళవారం ఫోనులో కలుసుకున్నప్పుడు మార్కుల ప్రసక్తి రాకుండా వుండదు, వచ్చినప్పుడు వీడు మంచినీళ్ళ నెపంతో లేచిపోకుండానూ వుండడు. అయితే మా జట్టు చిట్టా రాసేది వాడే. సోమవారం పొద్దున అయిదుం బావుకు మాతోపాటు లేస్తాడు. ఒక రూళ్ళ నోటుబుక్కులో ఒక్కొక్క కుర్రవాడికి ఒక పేజీ. ఎన్ని ప్లేలలో మైదానంలో వున్నాడు, బంతి ఎన్నిసార్లు అతనివైపు వచ్చింది, ఎన్ని అందుకున్నాడు, దెబ్బలేమైనా తగిలాయా. పాయింట్ల గడి చివరను. అంకెలు రాయడంలో వాడికి తొందరా లేదు, తప్పూ లేదు.

ఒక సోమవారం, మా ట్యాక్సీ స్క్వాడ్‌లోని ఒక కుర్రవాడి పేజీ తీసి, "తాతా, ఇతన్ని వదిలేద్దామా? పాయింట్లు సున్నా" అన్నాడు. పాయింట్లు తరువాత, ముందు బంతి ఎన్నిసార్లు వచ్చిందో చూడమన్నాం. చూశాడు. "ఆరుసార్లు వచ్చింది. కిందటి వారం రెండే" అన్నాడు. అయితే వుంచుదామన్నాం. సరేనని పెన్ను మూత పెట్టి, తల ఎత్తకుండానే, "అవ్వా, మా క్లాసులో నా వైపు బంతి రాదు" అన్నాడు.

అర్థం కావడానికి మాకు కొంచెంసేపు పట్టింది. క్లాసులో చదవమని వాణ్ని ఎవరూ లేపరు. వీడు లేస్తే గంట గడిచిపోతుందని, పక్కవాణ్ని లేపుతారు. కసురుకున్నదీ లేదు, కొట్టిందీ లేదు. దయతోనే వదిలేశారు. ఏడాదిగా వాడు మైదానంలో వున్నాడు, బంతి మాత్రం రాలేదు. ప్రోగ్రెసు రిపోర్టులో వచ్చేవి చివరి గడి అంకెలే. ముందు గడులు అందులో వుండవు.

ఆ వారమే కోడలూ మేమూ బడికి వెళ్ళాం. మార్కులు అడగలేదు, వేరే సెక్షను అడగలేదు. వారానికి ఒక్కసారి, నాలుగే నాలుగు వరసలు, వీణ్ని లేపి చదివించండి, ఆలస్యమైతే ఓర్చుకోండి అని అడిగాం. ఆ టీచరమ్మ మంచి మనిషి, సరేనన్నారు. మొదటి వారం పిల్లలు నవ్వారట. రెండవ వారమూ నవ్వారట. ఎన్నో వారంనుంచి నవ్వడం మానేశారో వాడు మాకు చెప్పలేదు, చెప్పవలసినంత సంగతిగా వాడికి తోచలేదేమో. ఇప్పటికీ వాడు క్లాసులో మొదటివాడు కాదు, పదవవాడూ కాదు. కన్నడ పాఠం ఒక పేజీ ఆగకుండా చదువుతాడు. తెలుగు పత్రిక ఇంటికి వస్తే శీర్షికలు పైకి చదివి వినిపిస్తాడు. ఈ వ్యాసంలోని అంకెలన్నీ సరిచూసింది వాడే.

ఇక ఓపిక పట్టదలచినవారికి మా పద్ధతి చెబుతాం. కుర్రవాణ్ని తీసుకున్ననాడే, ఎప్పటికి ఏమి కనపడాలో పేజీ పైన రాసుకోండి. రిసీవరైతే రెండవ ఏడు ముగిసేలోగా బంతి తరచుగా అతనివైపు రావాలి. టైట్ ఎండ్‌కు ఇంకొక ఏడు కలపండి. క్వార్టర్‌బ్యాక్ అయితే అతన్ని ఎక్కించుకున్న ఇల్లు ఎటువంటిదో విచారించండి. గడువులోగా రాసుకున్నది కనపడితే, పాయింట్లు లేకపోయినా, ఎవరు నవ్వినా వుంచుకోండి. కనపడకపోతే కోపం లేకుండా వదిలేయండి. ఆశ పెట్టుకున్నాం గదా అని వుంచుకోవడం, ఆశ తీర్చలేదు గదా అని తిట్టడం, రెండూ మన బరువు వాడిమీద వేయడమే. ఇదంతా రాసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. రాసుకోకపోతే ప్రతి సోమవారమూ మనసు మారుతుంది.

అయితే ఆటకూ ఇంటికీ ఒక తేడా వుంది, దాన్ని మరచిపోకూడదు. జోర్డన్ లవ్‌కు మల్లేశ్వరంలో ఇద్దరు ముసలివాళ్ళు తనకోసం రెండేళ్ళు ఆగారని తెలియదు. మేము వదిలేసి వుంటే అతని భుజబలంలో వీసమంత తగ్గేదీ కాదు. మా ఓపిక మా లెక్కలకు పనికివచ్చిందే గాని అతనికి అందలేదు. అతనికి అందిన ఓపిక గ్రీన్‌బేవారిది. వారు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించారు, వేళ వచ్చినప్పుడు బంతి చేతికిచ్చారు, ఆరు ఆటలు ఓడినా లాక్కోలేదు. ఇంట్లో మనది ఆ పాత్ర. నోటుబుక్కు ముందేసుకుని వాడు ఎప్పుడు పండుతాడా అని చూస్తూ కూర్చుంటే, అది ఎంత ఓపిక అయినా పిల్లవాడికి చేరదు. నాలుగు వరసలు చదవమని లేపాలి, చదివేదాకా నిలబడాలి.

సెప్టెంబరులో మళ్ళీ ఆటలు మొదలవుతాయి. మా ట్యాక్సీ స్క్వాడ్‌లో ఇప్పుడు ముగ్గురు కుర్రవాళ్ళున్నారు, ఒక పీట ఖాళీ. మా పెద్దబ్బాయి దానికి ఎవరి పేరో చెప్పాడు. మనవడు మాత్రం పేజీ తెరిచి, "ముందు ఈ ముగ్గురి గడువు చూద్దాం తాతా" అంటున్నాడు.